మా మల్లి నడక బాగుపడటానికి పట్టిన ఐదున్నర నెలలు: నా అనుభవం

“గుర్రానికి నడక నేర్పుడేందే బిడ్డా? పుట్టిన్నాడే లేచి నడుస్తది గదా!”

2023 అక్టోబర్‌లో నేను తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకుంటుంటే మా అమ్మ అన్న మాట ఇది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది, కానీ ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. పందేల నుంచి రిటైరైన గుర్రాన్ని కొనుక్కున్నవాళ్లు మన హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. పరుగు గురించి, దూకడం గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు గానీ, నడక పాడైతే ఏం చేయాలో, ఎన్నాళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక నోట్‌బుక్‌లో రోజూ రాసుకున్నాను. అందులోంచే ఇది రాస్తున్నాను.

మల్లి నా దగ్గరకు 2023 ఆగస్టులో వచ్చింది. ఆరేళ్ల ఆడగుర్రం, పందేలకు పెంచే థరోబ్రెడ్ జాతి. గుర్రాన్ని చూసుకునే మా సాయీసు చాచా భాషలో కుమైత్: ఒళ్లంతా ఎర్ర గోధుమ రంగు, జూలు, తోక, కాళ్ల కింది భాగం నలుపు. నుదుటి మీద మల్లెమొగ్గంత తెల్లమచ్చ ఉందని మల్లి అని పిలుచుకున్నాం. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తుంటే మలక్‌పేట రేస్‌కోర్సు గోడ దగ్గర ఆపమని ఏడ్చేదాన్నట. అప్పటి నుంచీ ఉన్న కోరిక నలభై మూడేళ్లకు తీరింది. మొయినాబాద్ దగ్గర ఒక ఫార్మ్‌లో ఉంచాను. కొట్టం అద్దె, దాణా, సాయీసు జీతం అన్నీ కలిపి నెలకు 22,000.

దుల్కీ (నడకకూ పరుగుకూ మధ్య చాల్), పరుగు రెండూ చూడముచ్చటగా ఉండేవి. నడకే నరకం. నేను జీను ఎక్కగానే మెడ పైకెత్తి, చిన్న చిన్న అడుగులు టకటకా వేస్తూ, నడకా కాదు దుల్కీ కాదు అన్నట్టు ఎగిరెగిరి పడేది. నేను పగ్గాలు బిగబట్టేదాన్ని. ఇంకా తొందరపడేది. ఇంకా బిగబట్టేదాన్ని. అరగంటయ్యేసరికి నా అరచేతులు బొబ్బలెక్కేవి, దాని మెడ నురగలు కక్కేది. సెప్టెంబర్ అంతా ఇలాగే గడిచింది. ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులున్నాయి. నాకు దీన్ని పెంచే అర్హత లేదేమో అనిపించేది.

అక్టోబర్ 8, ఆదివారం. సైన్యంలో గుర్రాల దళంలో పనిచేసి రిటైరైన ఒక కోచ్‌ని తెలిసినవాళ్లు పరిచయం చేశారు. కర్నూలు వైపు మనిషి. వచ్చీ రాగానే గుర్రం ఎక్కుతారనుకున్నాను. ఎక్కలేదు. చాచాతో పైపు పెట్టించి మైదానంలో ఇసుక తడిపించి, రేక్‌తో చదును చేయించారు. నన్ను ఎక్కి దాని మీద తిన్నగా నడిపించమన్నారు. తన ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియో తీశారు.

తరవాత ఇద్దరం ఇసుక మీద కూర్చుని డెక్కల గుర్తులు చూశాం. మంచి నడకలో వెనక కాలి డెక్క, అదే వైపు ముందుకాలు వదిలిన గుర్తును దాటి పడాలట. మల్లిది దాటడం కాదు కదా, గుర్తు దాకా కూడా రాలేదు. సార్ నాలుగు వేళ్లు ఆనించి కొలిచారు. సరిగ్గా బెత్తెడు వెనక.

ఆ తర్వాత వీడియో. నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా నేలను తాకాలి: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మధ్యలో సమానమైన ఎడం. “కళ్లు మూసుకుని చప్పుడు వినండమ్మా,” అన్నారు సార్. ఒకటి-రెండు... మూడు-నాలుగు... జంటలు జంటలుగా వినిపించింది. ఒకవైపు ముందుకాలు, వెనక కాలు దాదాపు ఒకేసారి కదులుతున్నాయి. వీడియోని ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించారు. సరైన నడకలో వెనక కాలు దిగబోయే క్షణానికి అదే వైపు ముందుకాలు లేస్తూ, రెండూ కలిసి ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా కనిపిస్తాయట. మల్లి వీడియోలో ఎంత వెతికినా ఆ ‘వి’ లేదు. రెండు కాళ్లూ రైలు పట్టాల్లా సమాంతరంగా ఉన్నాయి.

చాచాకి మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు. ఆయన చాలా ఏళ్లు పాతబస్తీలో బరాత్ (పెళ్లి ఊరేగింపు) గుర్రాలతో పనిచేశారు. “రవాల్ హై బేటీ, అచ్ఛీ చాల్ హై,” అన్నారు. మార్వాడీ గుర్రాలకు పుట్టుకతో వచ్చే రవాల్ అనే నడక ఇలాగే ఒకవైపు కాళ్లు కలిసి కదిలేలా ఉంటుంది, మీద కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియదు, దానికి మంచి గిరాకీ. కానీ మల్లికి అది పుట్టుకతో వచ్చింది కాదు. జీను లేకుండా తాడుతో చేత్తో నడిపిస్తే నాలుగు దెబ్బలూ విడిగానే పడుతున్నాయి. అంటే పాడు చేస్తున్నది మీదున్న మనిషి. సార్ ఆ మాట అనలేదు. నాకే అర్థమైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి ట్రైనింగ్ మొదలవుతుందనుకుని ఆఫీసులో టైమింగ్స్ కూడా మార్పించుకున్నాను. సార్ మాత్రం, “ముందు నొప్పి ఎక్కడైనా ఉందేమో చూద్దాం, నొప్పి ఉన్నదానికి పాఠం చెప్పకూడదు,” అన్నారు. ఆ చూడటానికే దాదాపు నెల పట్టింది.

మొదట పళ్లు. గుర్రాల పళ్లు చూసే డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు 12 రోజులు ఆగాల్సి వచ్చింది. అక్టోబర్ 20న వచ్చారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నోరు తెరిచి ఉంచే ఇనుప చట్రం పెట్టి, టార్చ్ వేసి చూపించారు. పై దవడ పళ్ల బయటి అంచులు మొనదేలి బుగ్గ లోపల గాట్లు పెట్టాయి. నా వేలు పట్టుకుని అంచు మీద ఆనించారు, కొబ్బరికోరు పళ్లలా గుచ్చుకుంది. నేను పగ్గం లాగిన ప్రతిసారీ బుగ్గ వెళ్లి ఆ అంచులకే ఒత్తుకునేదన్నమాట. పొడవాటి ఆకురాయితో అరగదీస్తుంటే తెల్లటి పొడి రాలింది. ముప్పావు గంట పట్టింది, 4,500 తీసుకున్నారు. వారం రోజులు నోట్లో కళ్ళెం పెట్టొద్దన్నారు.

తర్వాత జీను. దీన్ని కనిపెట్టే పద్ధతి ఎంత సులువో తెలిసి ఆశ్చర్యపోయాను. స్వారీ అయ్యాక జీను తీసి వీపు చూడటమే. చెమటతో అంతా తడిసి ఉండాలి. మల్లి భుజాల వెనక రెండు వైపులా అరచేయంత మేర పొడిగా ఉంది. జీను అక్కడ బాగా ఒత్తితే చెమట కూడా పట్టదట. భుజం వెనక ఒత్తిడి ఉంటే ముందుకాలు చాచి ఎలా వేస్తుంది? పాతబస్తీలో తోలుపని చేసే ఒకాయన దగ్గర జీను లోపలి ఉన్ని తీయించి మళ్లీ నింపించాం. నాలుగు రోజుల్లో ఇస్తానన్నారు, దసరా రావడంతో 11 రోజులైంది. 3,200 అయింది. తిరిగొచ్చిన జీను వేసి చూస్తే ఒకవైపు ఇంకా ఎత్తుగా ఉంది, మళ్లీ తీసుకెళ్లాను. మీలో ఎవరైనా ఈ పని చేయిస్తుంటే గుర్రం వీపు ఆకారాన్ని మెత్తటి తీగతో వంచి, అట్టముక్క మీద గీసుకుని తీసుకెళ్లండి. నేను రెండోసారికి గానీ ఆ పని చేయలేదు.

నాల్‌బంద్ వచ్చి డెక్కల ముందు భాగం మరీ పొడవు పెరిగిందని చెక్కి, కొత్త నాడాలు కొట్టాడు. అప్పటిదాకా ఏడెనిమిది వారాలకు ఒకసారి చేయించేదాన్ని. ఇప్పుడు ఐదు వారాలు దాటనివ్వను. నాలుగు కాళ్లకు 2,400.

దాణా కూడా మారింది. పందేల కాలం నాటి అలవాటుతో రోజుకు బాగా ఓట్స్, శనగలు పడుతుండేవి. కొట్టంలో నిలబడి ఉండే గుర్రానికి అంత దాణా ఎందుకు, ఒంట్లో వేడి పెరిగి గంతులేయడానికి తప్ప అన్నారు సార్. గింజలు సగానికి తగ్గించి గడ్డి పెంచాం. పగలు నాలుగు గంటలు కంచె లోపల వదిలేయడం మొదలుపెట్టాం. ఇదేమీ ఖర్చు తగ్గించలేదు, మంచి గడ్డి గింజల కన్నా చౌకేం కాదు. మా అమ్మ లెక్కలు విని, “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊకె అన్లే,” అంది. కానీ అదే అమ్మ ఆ ఆదివారం క్యారెట్లు కొని నా బ్యాగులో పెట్టింది.

నవంబర్ మొదటి వారంలో అసలు పని మొదలైంది, కానీ మీద ఎక్కకుండానే. పొద్దున ఐదున్నరకు ఫార్మ్ గేటు నుంచి పొలాల మధ్య మట్టిరోడ్డు మీద తాడు పట్టుకుని అరగంట నడవడం. నేను దాని భుజం పక్కన నడవాలి, ముందుండి లాక్కెళ్లకూడదు. గుర్రం మామూలు నడక గంటకు ఆరు కిలోమీటర్లు. మనం బజారుకు నడిచే వేగం దానికి సరిపోదు. మొదటి నాలుగు రోజులు నా పిక్కలు పట్టేశాయి. నేను నెమ్మదిస్తే అది కూడా అడుగు కుదించుకునేది. నేను బారెడు అడుగు వేస్తే అదీ చాచేది. అలా పక్కపక్కన నడిచినప్పుడే మొదటిసారి దాని తల ఎలా కదులుతుందో చూశాను. అడుగడుక్కీ ముందుకూ కిందికీ, మళ్లీ వెనక్కీ, మెల్లగా తలాడిస్తున్నట్టు. అప్పటికి మూడు నెలలుగా దాని మీద కూర్చున్నాను, ఒక్కసారీ ఇది గమనించలేదు.

నవంబర్ 12 దీపావళి. ముందు రోజు నుంచే చుట్టుపక్కల ఫార్మ్‌హౌసుల్లో బాంబులు మొదలయ్యాయి. చాచా చెవుల్లో దూది పెట్టి, కొట్టం కిటికీలకు గోనెపట్టాలు కట్టి, రాత్రంతా దగ్గరే కూర్చున్నారు. నేనూ పదకొండు దాకా ఉన్నాను. ప్రతి చప్పుడుకీ మల్లి ఒళ్లు జలదరించేది, దాని మెడ మీద చెయ్యి వేస్తే గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. మర్నాడు తాడుతో నడిపిస్తే మళ్లీ అవే ఎగిరే అడుగులు. పది రోజుల కష్టం ఒక్క రాత్రిలో పోయిందని దిగులేసింది. తేరుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. పండగల ముందు ఏ కొత్త పాఠమూ మొదలుపెట్టకూడదని నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

నవంబర్ 22న మళ్లీ జీను ఎక్కాను. ఆ రోజు జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి.

ఎక్కే ముందు సార్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పగ్గాలు నా చేతికిచ్చి, రెండో కొస తన పిడికిళ్లలో పట్టుకున్నారు. “నేనే గుర్రాన్ని అనుకోండి,” అన్నారు. మల్లి తల ఆడించినట్టే తన చేతులు ముందుకూ వెనక్కూ ఆడించారు. “మీరు నా చేతులతో పాటు రండి.” నేను వెళ్తున్నాననే అనుకున్నాను. తర్వాత స్థానాలు మార్చారు. ఆయన నా పాత్ర, నేను గుర్రం. నేను చేతులు ముందుకు చాచిన ప్రతిసారీ సరిగ్గా చివర్లో టక్కున ఆగిపోయేవి. మళ్లీ చాచితే మళ్లీ టక్కు. “మీరు చేస్తున్నది ఇదమ్మా,” అన్నారు నెమ్మదిగా. ఐదారుసార్లయ్యాక నాకు నిజంగానే చేతులు చాచబుద్ధి కాలేదు, మోచేతులు ముడుచుకునే కూర్చున్నాను. మల్లి చిన్న అడుగులు ఎందుకు వేస్తోందో నా చేతులకు తెలిసిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పారు. పందెం గుర్రానికి పగ్గం బిగిస్తే ఆగమని కాదు, దాన్ని ఆనుకుని పరిగెత్తమని అర్థం. నేను ఆగు ఆగు అని లాగుతున్నాననుకున్నాను. దానికి వినిపించింది పద పద అని.

ఆ రోజు పగ్గాలను చివరి బకిల్ దగ్గర ఒక చేత్తో పట్టుకుని, మిగతాదంతా వదిలేసి నడపమన్నారు. నాకు వణుకొచ్చింది. ఇది గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తిన గుర్రం. చాచా పక్కన తాడు పట్టుకుని నడుస్తూ, నా చెయ్యి బిగిసినప్పుడల్లా “నక్కో ఖీంచో బేటీ, నక్కో,” లాగొద్దు అంటూనే ఉన్నారు. మొదటి రెండు రౌండ్లు మెడ పైకే ఉంది. మూడో రౌండులో, నీళ్ల తొట్టి మలుపు దాటాక, మెడ జానెడు దిగింది. ఇంకో పదడుగులకు ఇంకాస్త. తర్వాత ముక్కుపుటాలు అదురుతూ బుర్రున గట్టిగా చీదింది, నా తొడల కింద దాని వీపు మొత్తం సడలింది. బిగుసుకుపోయిన చెక్క మీంచి ఎవరో నన్ను తీసి పరుపు మీద కూర్చోబెట్టినట్టుంది. చాచా నా వంక చూసి తలూపారు. ఆ రోజుకు అంతే. పదిహేడు నిమిషాలు. సార్ ఇక దిగిపొమ్మన్నారు.

మొదటి మూడు రోజులు తాడుతో, తర్వాత తాడు లేకుండా. వారానికి మూడు క్లాసులు, క్లాసుకు 700. సార్ లేని రోజుల్లో నేనొక్కదాన్నే. మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్ మీదుగా వెళ్తుంటే అజీజ్‌నగర్ దాటాక మర్రిచెట్ల కింద ఇంకా చీకటే ఉండేది. అప్పుడు అసెంబ్లీ ఎన్నికల ప్రచారం. పొద్దున ఎనిమిది దాటితే డీజే పెట్టుకున్న ప్రచారం బండ్లు మట్టిరోడ్డు మీదికి కూడా వచ్చేసేవి. నవంబర్ 30న పోలింగ్ అయ్యేదాకా ఏడున్నరకల్లా కొట్టంలోకి చేర్చేసేవాళ్లం.

తర్వాత కాళ్ల పాఠం. నడిచేటప్పుడు గుర్రం కడుపు గంటలా అటూ ఇటూ ఊగుతుంది. ఎడమ వెనక కాలు ముందుకు వచ్చేటప్పుడు కడుపు కుడివైపుకు ఒరుగుతుంది, మన ఎడమ కాలు దానంతట అదే లోపలికి వాలుతుంది. ఆ కాలు ఇంకొంచెం ముందుకు వేయమని అడగాలంటే ఆ క్షణంలోనే అడగాలి. కాలు నేల మీద ఆనాక అడిగితే దానికి చేతిలో ఏమీ ఉండదు. నేను అప్పటిదాకా రెండు మడమలతో ఒకేసారి అడుగడుక్కీ పొడిచేదాన్ని. ఎడమ, కుడి, ఎడమ, కుడి అని కడుపు ఊపుతో పాటు వదులుగా వేలాడేయడం నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇంట్లో టీ పెట్టుకుంటూ కూడా నడుం ఊపుతున్నానని మా ఆయన అన్నారు.

డిసెంబర్‌లో కర్రలు. నేల మీద వరసగా పరిచిన కర్రల మీంచి నడిపిస్తే గుర్రం కాళ్లు ఎత్తి, చూసి, విడివిడిగా వేస్తుంది. తక్కువలో అయిపోతుందని ముందు పీవీసీ పైపులు కొన్నాను. ఇది నా తప్పు, మీరు చేయకండి. రెండో రోజే మల్లి డెక్క పైపు మీద పడి పైపు దొర్లింది, వెనక కాలు జారింది. ఏమీ కాలేదు గానీ నా గుండె ఆగినంత పనైంది. సెంట్రింగ్ సామాన్ల షాపులో లావుపాటి సర్వి కర్రలు ఆరు తెచ్చాం, ఒక్కోటి 150. సున్నం పూసి, దొర్లకుండా సగం ఇసుకలో పాతాం. పుస్తకాల్లో 80 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం అని ఉంటుంది. మల్లి అడుగు అంత లేదు, 80 పెడితే మధ్యలో ఒక పిల్ల అడుగు వేసి తడబడేది. 75తో మొదలుపెట్టి, వారం తర్వాత 80, క్రిస్మస్‌కు 85కు వెళ్లాం. మూడు కర్రలతో మొదలై ఐదు. రోజుకు ఆరేడుసార్లు దాటితే చాలు, ఎక్కువైతే వీపు అలిసిపోయి కర్రలను తన్నడం మొదలుపెడుతుంది. చాచా పక్కన కూర్చుని “ఏక్, దో, తీన్, చార్,” అని లెక్కపెట్టేవారు. రవాల్ మెచ్చుకున్న మనిషే ఇప్పుడు చెవితో విని, “అభీ జోడీ హోగయా, ఫిర్ సే,” జంట పడింది, మళ్లీ అని ఆపేవారు.

జంటలు పడే నడకను విడగొట్టడానికి సార్ చేయించిన ఇంకో పని, గోడ వెంట నడుస్తూ భుజాలను మాత్రం కొంచెం లోపలికి తిప్పి ఏటవాలుగా నడిపించడం. అలా నడిచేటప్పుడు ఒకవైపు రెండు కాళ్లూ కలిసి కదలడం దానికి కష్టం. పది అడుగులు అలా, వెంటనే పగ్గం వదిలేసి ముప్పై అడుగులు స్వేచ్ఛగా. ఎప్పుడూ స్వేచ్ఛ వాటాయే ఎక్కువ.

సంక్రాంతికి ముందే జాగ్రత్తపడ్డాను. దారి పక్క తుమ్మచెట్లకు మాంజా వేలాడుతూ, నేల మీద చుట్టలు చుట్టలుగా పడి ఉండేది. గుర్రం కాలికి చుట్టుకుంటే కోసుకుపోతుంది. నాలుగు రోజులు బయటికి తీయలేదు. తర్వాత చాచా, నేను దారంతా నడిచి ఒక గోనెసంచి నిండా దారం ఏరాం.

జనవరి ఆఖరికి వచ్చేసరికి నాలుగు దెబ్బలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. అప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మా ఆఫీసు స్నేహితులు చూడటానికి వస్తామన్నారు. మెడ వంచి, అందంగా, కుదించిన అడుగులతో నడిపించి చూపించాలని సార్‌కు చెప్పకుండా రెండు రోజులు పగ్గాలు దగ్గరకు తీసుకుని యాభై నిమిషాల చొప్పున ప్రాక్టీస్ చేశాను. మూడో రోజు వీడియోలో ‘వి’ మాయమైంది. మళ్లీ రైలు పట్టాలు. స్నేహితులను రావద్దని, సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. “దుల్కీ పాడైతే బాగు చేయొచ్చమ్మా. కదం, అంటే ఈ నడక, పాడు చేయడం తేలిక, బాగు చేయడానికి ఎన్నాళ్లని చెప్పలేం. రేపటి నుంచి గుట్ట మీదికి పోదాం,” అన్నారు. ఆ మాట విన్నాక తిట్టినా బాగుండేదనిపించింది.

ఫిబ్రవరి అంతా మైదానం మానేసి బయటే తిరిగాం. ఫార్మ్ వెనక రాతిగుండ్ల మధ్య నుంచి మెల్లగా ఎక్కే ఒక బాట ఉంది. పగ్గాలు పూర్తిగా వదులుగా, నేను కొంచెం ముందుకు వంగి, అది తల దించుకుని ఎక్కేది. ఎక్కేటప్పుడు వెనక కాళ్లు కిందికి తోసుకుని బలంగా అడుగు వేయక తప్పదు. దిగేటప్పుడు తొందరపెట్టకుండా వంకర్లు తిప్పుతూ దించేవాళ్లం. పదిహేను రోజులకు నాలుగు దెబ్బలు తిరిగొచ్చాయి, ఇంకో పది రోజులకు నిలబడ్డాయి. నాకు బాగా నచ్చిన రోజులు ఇవే. ఎవరూ ఏమీ అనరు, నెమళ్ల అరుపులు, చల్లటి రాళ్ల వాసన, కింద లయగా నాలుగు చప్పుళ్లు. ఒకరోజు ఆ లయలో కునుకు పట్టినట్టై ఉలిక్కిపడ్డాను.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: నెల నెలా అయ్యే 22,000, నాడాలు కాకుండా, కోచింగ్‌కు 42,000 దాకా, పళ్లు, జీను, కర్రలతో కలిపి మొత్తం 50,000 దాటింది. ఇందులో చాలా భాగం నా చేతులు బాగుపడటానికే అయింది. పళ్ల డాక్టరును, జీను మనిషిని ముందే పిలిచి ఉంటే మల్లికి మూడు నెలల బాధ తప్పేది. ఆ లోటు మాత్రం నా మనసులో అలాగే ఉండిపోయింది.

గేటు నుంచి వేపచెట్టు దాకా టేపుతో కొలిచిన వంద మీటర్లు ఉంది. ఎడమ ముందుకాలు పడిన ప్రతిసారీ లెక్కపెట్టేదాన్ని. అక్టోబర్‌లో 68. కాళ్లు అంత హడావిడిగా కదిలినా దూరం సాగేది కాదు. క్రిస్మస్ నాటికి 61. జనవరి ఆఖరున 66. మార్చి మూడో వారంలో 57, అదీ ఏ హడావిడీ లేకుండా.

మార్చి 24, హోలీ ముందు రోజు ఆదివారం. అమ్మ కూడా వస్తానంది. సార్ అక్టోబర్‌లో చేయించినట్టే చాచాతో ఇసుక తడిపించి చదును చేయించారు. నేను ఎక్కి, పగ్గం వదులుగా పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారే నడిపించాను. దిగి వచ్చేసరికి చాచా అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. వెనక డెక్క గుర్తు ముందు డెక్క గుర్తును పూర్తిగా దాటి పడింది. నాలుగు వేళ్లు ఆనించారు. బెత్తెడు దాటి ఇంకో వేలు పట్టింది. తర్వాతి గుర్తు దగ్గరా అంతే. ఆ తర్వాతదీ అంతే.

అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఇసుకలోకి వచ్చి, వంగి, తన నాలుగు వేళ్లు కూడా పెట్టి చూసింది.

“ఇంత దూరమా?” అని అడిగింది. అని, బ్యాగులోంచి క్యారెట్ తీసింది.